నేను రాసిన రైలు ప్రయాణం

మా అన్న సైదులు పోయిన నలభయ్యో రోజు ఫాతిహాకు నరసరావుపేట వెళ్ళాను. భోజనాలయ్యాక కాళ్ళు ఊరుకోక, మేము పుట్టి పెరిగిన సందు దాకా నడిచాను. మా మట్టిల్లు ఉన్న చోట ఇప్పుడు రెండంతస్తుల మేడ. మేడ మీద స్పోకెన్ ఇంగ్లీషు నేర్పుతామని బోర్డు. లోపల పిల్లలు ఇంగ్లీషు మాటలు వల్లె వేస్తున్నారు. మాట, దాని అర్థం, మళ్ళీ మాట, మళ్ళీ అర్థం. సందు మొదట్లో పుస్తకాల కొట్టు, అందులో కప్పు దాకా పేర్చిన గైడ్లు. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషిని, ఆ గోల విని సంతోషపడాల్సింది. వినలేక ఎవరిదో అరుగు మీద కూలబడ్డాను. "ఏమైంది అత్తా, బీపీ మాత్ర మర్చిపోయావా?" అన్నాడు వెంట వచ్చిన మేనల్లుడు. వేసుకున్నానురా అన్నాను. వాడికి ఇంకేం చెప్పను? మీ నాన్న ఊపిరి అట్లా పాడవడానికి కారణం నేనే కావచ్చునని తండ్రి నలభయ్యో రోజున కొడుకుతో ఎవరంటారు? అన్నతోనే అన్నాను, వాడి చివరి రోజుల్లో. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేము దూదేకులవాళ్ళం. మా ఇంట్లో మాట తెలుగే, నమాజు వేళ తప్ప అరబ్బీ ముక్క మా నోట పలికేది కాదు. మా నాయన మస్తాన్ ముందు గదిలో కూర్చుని పొద్దస్తమానం దూది ఏకేవాడు. దూలానికి తాడుతో వేలాడేసిన పొడుగాటి విల్లు, దాని నారిని కొట్టే కొయ్య గూటం. ఆ మోత ఆగితే మాకు చెవులు నొప్పి పెట్టేవి, అంత అలవాటు. కొత్త దూది తక్కువ, జనం తెచ్చేవన్నీ పాత పరుపులే. వాటిని విప్పగానే ఏళ్ళ తరబడి పడుకున్న మనుషుల చెమట, పసిపిల్లల ఉచ్చ, తలనూనె, అన్నీ కలిసి గుప్పుమనేవి. ఎండలో ఆరేసి ఏకాక ఆ దూదే తెల్లగా పొంగి గది సగం దాకా లేచేది. నుసి మాత్రం ఇల్లంతా తేలేది. అమ్మ అన్నం గిన్నె మీద తడి గుడ్డ కప్పి ఉంచేది, అయినా ముద్దలో పోగు తగలని రోజు లేదు. నాకూ అమ్మకూ అదేం లెక్కలో లేదు గాని అన్నకు అది విషం. పసితనం నుంచీ వాడికి ఆయాసం. నాయన గూటం ఎత్తితే వాడు పలక తీసుకుని వీధిలోకి పోవాల్సిందే. ఊళ్ళో హకీం గారు నాడి చూసి, ఈ పిల్లాణ్ణి దూదిలో కూర్చోబెడితే నీకు దక్కడు మస్తానూ అని మొహం మీదే చెప్పారట. మా ఇంట్లో చదువు అందుకు మొదలైంది. గొప్ప కోసం కాదు, అన్నకు ఊపిరాడటం కోసం.

అన్న ఎస్సెల్సీ దాకా లాక్కొచ్చి ఇంగ్లీషు దగ్గర తప్పాడు. మిగతావన్నీ గట్టెక్కాయి, ఆ ఒక్కటీ తన్నింది. ఒక పెద్దమనిషి నాయన మీద దయతో, పాసైతే తాలూకా ఆఫీసులో కూర్చోబెట్టిస్తానని మాటిచ్చి ఉన్నాడు. ఆ మాట ఎన్నాళ్ళు నిలుస్తుంది? నాయనకూ దగ్గు పట్టింది, పక్కన ఇంకో చెయ్యి లేకపోతే సాగని స్థితి. తప్పిన రోజున ఆయన అన్నను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఒరేయ్ సైదులూ, ఇంకొక్క తూరి రాయి. ఈ తూరన్నా గట్టెక్కితే కుర్చీలో కూచుంటావ్. లేదా, ఇల్లు నడవాలి గదా నాయనా, నా పక్కన కూచోవాల. అంతకు మించి నా చేతుల్లో లేదు," అన్నాడు. ఆయన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మాకంత భయం వేసేది కాదేమో.

అప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ ఇంగ్లీషే పని. నాకు పదకొండో ఏడు. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది గాని, అన్న పాత వాచకాలు తిరగేసి ఇంగ్లీషు అక్షరాలు రాయడం, కూడబలుక్కుని చదవడం పట్టుకున్నాను. లోపలి గది మట్టి గోడే మా నల్లబల్ల. అన్న వారానికి సరిపడా మాటలు బొగ్గుతో గోడంతా రాసేవాడు, ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క తెలుగు. శుక్రవారానికి ఇల్లు శుభ్రంగా ఉండాలని అమ్మ గురువారం మధ్యాహ్నం ఎర్రమట్టితో గోడలు పూసేసేది. ఆ లోపల వచ్చిందా సరేసరి, లేదంటే ఆ మాటలు మట్టిలో కలిసేవి. "నేర్చుకున్నావా నాయనా, పూసెయ్యనా?" అని అమ్మ మట్టి గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడటం, ఇంకో ఘడియ ఆగమని అన్న బతిమాలడం ప్రతి వారం ఉండేది. వాడు అప్పజెబుతుంటే నేను గోడ చూసి సరిచూసేదాన్ని. చదవడం రాని నాయన ముందు గదిలో గూటం వేస్తూనే చెవి ఇటు పెట్టేవాడు. గొంతు ఆగిందంటే, "ఏందిరా, ఆగిపోయింది?" అని కేక. ఎంత సేపు గొంతు వినిపిస్తే అంత చదువు వచ్చినట్టని ఆయన నమ్మకం. నిజానికి మా అందరి నమ్మకమూ అదే. అర్థం అడిగినవాళ్ళు లేరు, చెప్పగలిగినవాళ్ళూ లేరు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు కావడంతో కాగితానికి కరువు. మద్రాసు నుంచి గైడ్లు రావడం మానేశాయి. ఊరికంతా ఒకే ఒక్కటి ఉందని చెప్పుకునేవారు, అది అన్నతో చదివిన లాయరు గారి అబ్బాయి దగ్గర ఉంది. ఆ అబ్బాయి మంచివాడు, పది రోజులు ఉంచుకో అని ఇచ్చాడు. అదే సమయంలో సత్తెనపల్లిలో రిటైరైన మాస్టారొకరు వ్యాకరణం చెబుతానని పిలిస్తే అన్న అక్కడ మా చిన్నమ్మ ఇంటికి బయల్దేరాడు. గైడు నా ఒళ్ళో పెట్టి, "ఏమే హుసేనూ, నీ రాత ముత్యాల మాదిరుంటది. ఎనకమాల వ్యాసాలన్నీ ఎత్తి రాసిపెట్టవే. నేనొచ్చేసరికి అయిపోవాల," అన్నాడు. నాకు రెక్కలొచ్చినట్టయింది. యుద్ధ నిధికి చందాలిమ్మని ఊళ్ళో పంచిన నోటీసులు నాయన ఎక్కడి నుంచో కట్ట తెచ్చాడు. వాటి వెనక వైపు ఖాళీ. ఇంకు బిళ్ళ నీళ్ళలో కరగేసి, గుమ్మంలో వెలుతురుకు కూర్చుని రాసేదాన్ని. కిరసనాయిలు రేషను గనుక దీపం పెట్టి రాసే యోగం లేదు, పగలే పని. తడి అక్షరం మీద దూది నుసి వాలి అతుక్కునేది, దాన్ని ఊదుకుంటూ ఊదుకుంటూ పంక్తి తర్వాత పంక్తి. నాయన సాయంత్రం వచ్చి రాసిన కాగితాల మందం బొటనవేలితో నొక్కి చూసి, మళ్ళీ గూటం దగ్గరకు పోయేవాడు.

తొమ్మిదో రోజుకు రెండు వ్యాసాలు మిగిలాయి. ఆ రోజు కోటప్పకొండ తిరునాళ్ళు. పక్కింటి రమణమ్మత్త వాళ్ళు ప్రభలు చూడటానికి బండి కట్టారు. "బండిలో చోటుంది, రావే పిల్లా, పొద్దుగూకేలోపల వొచ్చేద్దాం," అంది అత్త. వ్యాసాలు రేపు రాసుకోవచ్చనుకున్నాను, వెళ్ళాను. ఆకాశాన్ని అంటే ప్రభలు, డప్పులు, చెరుకు గడలు, ఏ ఒక్క క్షణమూ ఇంట్లో ఉన్న కాగితాలు గుర్తు రాలేదు. మర్నాడు ఒక వ్యాసం ముగించి ఆఖరిది మొదలుపెట్టాను. దాని పేరు రైలు ప్రయాణం. పేరు రాశాను, నాలుగు వాక్యాలు రాశాను. వాకిట్లో సైకిలు గంట మోగింది. లాయరు గారి అబ్బాయి మేనమామతో గుంటూరు వెళుతున్నాడట, బండికి టైమైందట. ఇంకాసేపు ఆగమనడానికి నాకు నోరు రాలేదు. పుస్తకం ఇచ్చేశాను. ఆ సాయంత్రమే అన్న సత్తెనపల్లి నుంచి దిగాడు. నాయన ఎదుటే అన్న నన్ను అడిగాడు, "అన్నీ రాశావా?" అని. నాయన గూటం ఆపి నా వైపే చూస్తున్నాడు. తిరునాళ్ళకు పోయానని అంటే అమ్మ చీపురు తిరగేస్తుంది, అది కాదు నా భయం. నాయన మొహం ఎట్లా అయిపోతుందోనన్నదే భయం. "ఒక్కటే మిగిలిందన్నా, పుస్తకం పోయేలోపల వేరే కాగితం మీద గబగబా దించుకున్నా. రేపు మంచిగా రాసిస్తా," అన్నాను. అంత పెద్ద అబద్ధం అంత తేలిగ్గా ఎట్లా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు ఆ వ్యాసం నేనే రాశాను. నేను అప్పటికి రైలెక్కి ఎరగను. మాచర్ల పోయే బండి ఆగితే పరుపు మూటలు దించుకోవడానికి నాయనతో స్టేషనుకు పోయిందే నా అనుభవం. గైడు వాక్యాలు నాలుగు అయ్యాక, అన్నను రైలెక్కించాను. వాడికి దూరాన ఉద్యోగం. అమ్మ సద్ది మూట కట్టి కిటికీలోంచి అందించింది. నాయన కొత్త దూదితో కుట్టిన దిండు ఇచ్చాడు. బండి కదిలింది, గాలి చల్లగా ఉంది, ఆ గాలిలో నుసి లేదు. వచ్చిన మాటలతో వచ్చినట్టు రాశాను. గోడ మీది మాటల్లో పొడుగ్గా, ఘనంగా ఉన్నవి నాకు ఇష్టమైనవన్నీ ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ దించాను. గైడు వ్యాసాల పొడుగెంతో చూసుకుని సరిగ్గా అంత పొడుగు వచ్చాక ఆపాను. చూడటానికి మిగతా వాటికీ దీనికీ తేడా లేదు. రాత ఒకటే కదా.

అన్న అన్నిటిలోకీ దాన్నే ముందు పట్టాడు. మిగతా వ్యాసాలు నోటికి రావడానికి వారాలు పట్టేవి, ఇది రెండు రోజుల్లో వచ్చేసింది. "ఏమే, ఈ రాసినోడెవుడో గాని మన ఇల్లు చూసి రాసినట్టుండాడే. ఇదొక్కటి చదువుతుంటే నాకు కళ్ళకు కట్టినట్టుంటది," అనేవాడు. నేను చచ్చిపోయాను. ఒక రోజు ఆ కాగితం పొయ్యిలో పెడదామని తీశాను. అప్పటికే వాడికి అక్షరం అక్షరం వచ్చేసింది, కాగితం కాల్చి ఏం లాభం? ఇంకో రోజు ధైర్యం చేసి, "అన్నా, అది పరీక్షకి రాదులే. వొదిలెయ్," అన్నాను. "రాకపోతే పోయిద్ది. నీకేందే బాధ?" అని నవ్వాడు. ముందు గదిలో నాయన గూటం వినిపిస్తూ ఉంది. నిజం చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లూ మంచినీళ్ళు తాగి వచ్చేశాను. దర్గా దగ్గర చెప్పులిప్పి నిలబడి, అందరూ ఏదో ఒకటి ఇమ్మని అడుగుతారు, నేను మాత్రం పరీక్షలో రైలు ప్రయాణం రాకూడదని వేడుకున్నాను. అన్న పాసవ్వాలని అడగడానికి కూడా మనసు రాలేదు. అది ఒక్కటి రాకపోతే చాలు, మిగతాది వాడు చూసుకుంటాడు.

ఇంగ్లీషు పరీక్ష రోజు నేను అన్నం ముట్టలేదు. మధ్యాహ్నం అమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది, నేను రాళ్ళేరుతున్నాను. సందు చివర నుంచి అన్న పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. పరిగెత్తితే ఊపిరందదని నడిచే మనిషి, ఆ ఎండలో పరుగు. వచ్చి గుంజ పట్టుకుని నిలబడి, ఎగశ్వాసతో మాట రాక నా వైపు వేలు చూపిస్తున్నాడు. అమ్మ నీళ్ళిచ్చింది. "వచ్చిందే హుసేనూ! రైలు ప్రయాణమే! రైలు ప్రయాణమే వచ్చింది! ఒక్క అక్షరం పొల్లు పోకుండా దించా. పక్కనోళ్ళు పెన్ను కొరుక్కుంటా కూచుంటే నేను తలెత్తితే ఒట్టు," అన్నాడు. అమ్మ లోపలికి పోయి బెల్లం ముక్క తెచ్చి ముందు వాడి నోట్లో, తర్వాత నా నోట్లో పెట్టింది. "రాసిపెట్టింది నా తల్లి," అంది. నాయన బయటకు వచ్చి నా తల మీద చెయ్యి వేశాడు. ఆయన వేళ్ళ నిండా దూది. నోట్లో బెల్లం కరగలేదు, మింగలేక ఇంటి వెనక్కి పోయి ఉమ్మేశాను.

ఆ తర్వాత రెండు నెలలు మా ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. అమ్మ అన్నకు తెల్ల చొక్కా కుట్టించింది, ఆఫీసుకు వేసుకుపోవడానికి. నేనొక్కదాన్ని ఎండిపోయాను. పిల్లకు దిష్టి తగిలిందని తాయెత్తు కట్టారు. ఫలితాల పేపరు గుంటూరు బండిలో వచ్చింది. అన్న తెల్ల చొక్కా వేసుకునే రీడింగు రూముకు పోయి, నడుచుకుంటూ తిరిగి వచ్చాడు. "నా ముందోడి నంబరుంది, ఎనకోడి నంబరుంది నాయనా. నాది లేదు," అన్నాడు. మార్కులు వచ్చాక చూస్తే మళ్ళీ అదే, అన్నీ గట్టెక్కి ఇంగ్లీషు ఒక్కటి కొద్దిలో పోయింది. నాయన తిట్టలేదు. మర్నాడు పొద్దున అమ్మ పాత ధోవతి చింపి అన్న ముక్కుకూ నోటికీ అడ్డంగా కట్టి, వెనక ముడి వేసింది. ముడి వేస్తూ ఏడ్చింది. నాయన పక్కకు జరిగి, విల్లు కింద చోటిచ్చి, గూటం వాడి చేతికిచ్చాడు. "మెల్లగా కొట్టు నాయనా. ఊపిరి చూసుకుంటా కొట్టు," అన్నాడు.

ఆ క్షణాన నేను గుమ్మంలోనే ఉన్నాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. తప్పు వాడిది కాదు, నాది అని తెలిసి ఉంటే నాయన ఇంకొక్క ఏడాది ఓపిక పట్టేవాడేమో. కచ్చితంగా పట్టేవాడనే నాకిప్పుడు అనిపిస్తుంది. దొంగ వ్యాసం రాసిన పాపం కన్నా ఈ నోరు మూసుకున్న పాపం పెద్దది. పదకొండేళ్ళ పిల్లవి, నీకేం తెలుసు అంటారు వినేవాళ్ళు. నాకు అంతా తెలుసు. చెబితే ఏమవుతుందో తెలుసు, చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. అమ్మ చేత చీపురు దెబ్బలు కాదు, ఆ ఇంట్లో ముత్యాల రాత పిల్లగా ఉన్న నా పేరు పోతుందని ఊరుకున్నాను.

ఆ ఏడే అన్న నాయనతో పోట్లాడి నన్ను హైస్కూల్లో చేర్పించాడు. ముక్కు గుడ్డ గడ్డం కిందకు లాగి, "నాకెట్టాగూ రాలా. దీనికి వచ్చిద్ది నాయనా, దీన్ని ఆపమాక," అన్నాడు. మా వాడలో హైస్కూలు మెట్లెక్కిన మొదటి ఆడపిల్లను నేనే. వాడు దూది ఏకాడు, నేను ఇంగ్లీషు చదివాను. టీచరునయ్యాక కొన్ని వందల రైలు ప్రయాణాలు దిద్దాను. గైడులోంచి ఎత్తి రాసినవి అన్నీ ఒకే రైలు, ఒకే కిటికీ. ఎప్పుడైనా ఒక పిల్ల తన సొంత రైలు రాస్తే, తప్పులు ఎన్ని ఉన్నా ఎర్ర సిరా పెన్ను ఆగిపోయేది. పదవీ విరమణ అయిన కొత్తలో ఒకసారి నా వ్యాసం గుర్తున్నంత మేరకు రాసుకుని, ఎవరిదో అనుకుని దిద్దాను. పాసయింది. మూడు రోజులాగి మళ్ళీ దిద్దితే తప్పింది. ఇంకా ఎన్నిసార్లు దిద్దానో చెప్పను, సిగ్గుగా ఉంటుంది. అప్పట్లో అన్న పేపరు దిద్దిన మహానుభావుడు ఎవరో, ఆ రోజు ఏం తిని కూర్చున్నాడో.

ఇప్పుడు పిల్లలకు ఒక మాట రాకపోతే పది పుస్తకాలున్నాయి, క్యాసెట్లున్నాయి, అడిగితే చెప్పేవాళ్ళున్నారు. తప్పితే రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ పరీక్ష పెడుతున్నారు. నా మేనల్లుడి కూతురు ఇంగ్లీషులో తప్పి ఇంట్లో టీవీ చూస్తూ కూర్చుంది, రెండు నెలల్లో రాసి పాసయింది, ఎవరూ ఏడవలేదు. మంచిదే. ఆ పిల్లను చూసి నాకు అసూయ కలిగిందంటే నమ్మండి. ఆ రోజుల్లో మాకు చాలా ఆప్యాయతలుండేవని మా వయసువాళ్ళు రాస్తుంటారు. ఉండేవి. మా ఇంట్లో అందరం ఒకరి కోసం ఒకరం ప్రాణం పెట్టాం. అంత ప్రాణం పెట్టిన ఇంట్లో ఒక పిల్ల, నాకు చేతకాలేదు అని ఒక్క మాట అనలేకపోయింది.

అన్న చివర్లో గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో ఏం మిగల్లేదని డాక్టరు ఫోటో ఎత్తి చూపించాడు. మధ్యాహ్నం పూట వార్డు ఖాళీగా ఉంది, నర్సు ఒక్కతే పక్క మంచం సర్దుతోంది. నేను బత్తాయి వలుస్తూ చెప్పేశాను. తిరునాళ్ళ సంగతి, సైకిలు గంట, గోడ మీది మాటలు, అంతా. "ఆ వ్యాసం గైడులోది కాదన్నా. నేను రాసింది. నువ్వు తప్పింది నా మూలాన. నాయనకు చెప్పి ఉంటే ఇంకో ఏడు చదివించేవాడు. చెప్పలేదు," అన్నాను. అన్న ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి, "ఏందీ?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. కాసేపు నా మొహంలోకి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది.

"పిచ్చిదానా. అప్పటికి నీకు పదకొండేళ్ళు. ఇంగ్లీషు బడి మొకం చూళ్ళేదు. నువ్వెట్టా రాస్తావే అంత మంచి ఇంగ్లీషు? అది చదివినోడు రాసిందే. నాకు తెలవదా?"

"నిజమన్నా. అందులో అమ్మ సద్ది మూట కట్టిచ్చుద్ది, గుర్తులేదా? గైడు రాసేవాళ్ళ అమ్మ సద్ది మూట కట్టుద్దా? నాయన దిండిస్తాడు. అది మన నాయనే."

అన్న కళ్ళు మూసుకున్నాడు, ఆ వ్యాసాన్ని లోపల చదువుకుంటున్నాడేమో, పెదాలు కదిలాయి. నమ్మాడు, ఇప్పుడు తిడతాడు అనుకున్నాను. తిట్టాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. అన్న కళ్ళు తెరిచి, నర్సును పిలిచాడు. "మా చెల్లెలమ్మా. ఇంగ్లీషు టీచరు. సిన్నప్పట్నించీ ఇంతే. మొద్దోణ్ణి, రెండుతూర్లు రాసినా నాకు చదువెక్కలా. నేను బాధపడతానని అదిగూడా తన మీదేసుకుంటంది, చూడు," అన్నాడు గర్వంగా. నర్సు నా వైపు చూసి నవ్వి మాస్కు సర్దింది.

అన్న ఇంకా పదకొండు రోజులు బతికాడు. నేను రోజూ ఆ మాట ఎత్తాను. ఎత్తినప్పుడల్లా, ఏడవమాక అని నా తల నిమిరాడు.